బల్లికి బువ్వ

"గోడమీదున్నయి సాలవా,
ఇంకో బల్లిని పైసలిచ్చి తెస్తవా?" అన్నది స్వరూప.
పైసలియ్యలే.
సోమాజిగూడల ఫ్లాటు ఖాళీ చేస్తున్న పిలగాడు
లిఫ్టు బాగుచేసినందుకు రెండొందలు చేతుల పెట్టి
పైనుంచి ఒక డబ్బా కూడ పెట్టిండు.
"అంకుల్, పుణెల హాస్టలోళ్లు ఉంచుకోనియ్యరట."
మూతకు సూదితో పొడిచిన బొక్కలు.
లోపల మట్టికుండ రంగుల జానెడు ప్రాణం.
రెప్పల్లేవు,
రెప్పవెంట్రుకలసొంటి ముళ్లు మాత్రం ఉన్నయి.

గురువారం జుమ్మెరాత్ బజార్ల
మూల పగిలిన చాపల తొట్టి దొరికింది.
మూడొందలన్నోడు నూటెనభైకి దిగిండు.
నిలువుగ నిలబెట్టి, సిలికాన్ పట్టించి,
ముందల దోమజాలి తలుపు బిగించినంక
దూరం జరిగి చూస్తే నాకే నవ్వొచ్చింది.
ఇరవై ఆరేండ్లు లిఫ్టులల్ల తిరిగిన చెయ్యి
ఇంకో లిఫ్టునే చేసింది.

అడుగున గులకరాళ్లు.
వాటిమీద పాత దోమతెర ముక్క.
దానిమీద బొగ్గు,
ఇస్త్రీ బండి మల్లేశం దోసెడు పోసిండు,
ఎందుకని అడగలే, అడిగితే ఏం చెప్పేటోన్నో.
తడిపి పిండిన కొబ్బరిపొట్టు బెత్తెడు మందం.
నాచు కొనలే.
మేడమీద ట్యాంకు కారే కాడ
వాన దానంతటదే పరిచిపెట్టింది,
అట్లకాడతోని రొట్టె లేపినట్టు లేపిన.
కరెంటోళ్లు కొట్టిపడేసిన వేపకొమ్మ ఒకటి అడ్డంగ.
మనీప్లాంటు కొంటే ఎదగదంటరు గదా,
పక్కపోర్షన్ అండాళమ్మ సీసాలకెల్లి
రెండు కణుపులు కత్తిరిస్తుంటే
ఆమె కిటికీలకెల్లి సూస్కుంటనే
సూడనట్టు ఉన్నది.

ముర్గీచౌక్ల కీచురాళ్లు.
కోడిగుడ్ల అట్టల దాపెట్టి గాజరగడ్డ ముక్కలేసిన.
రాత్రంత వంటింట్ల కచేరీ,
స్వరూప దిండు చెవులకు అదుముకున్నది.
నాలుగింటిని కవర్లేసి, కాల్షియం పొడి చల్లి ఊపితే
పండుగకు సున్నమేసిన ఇండ్ల తీరు తెల్లగ తేలినయి.

పదకొండు రోజులు ముట్టలే.
పండిన అరటిపండు గుజ్జు సీసామూతల పెట్టిన,
చీమలు తిన్నయి.
గంటగంటకు టార్చి కొట్టి చూసిన.
ఎముకలు తేలిన తోక చూస్తే
నా గొంతుల ముద్ద దిగలే.
పిలగానికి ఫోన్ చేస్తే ఒకటే అన్నడు:
"మీరు సూసుడు బంద్ చేస్తే తింటది అంకుల్."

పన్నెండో నాడు పెద్దవాన, కరెంటు పోయింది.
చీకట్ల ఇద్దరం తొట్టికి ఎడంగ కూసున్నం.
"ఇగ అది తినది," అన్నది స్వరూప.
ట్యూబులైటు వెనుకకెల్లి గోడబల్లి
టిక్ టిక్ టిక్ అన్నది.
"సత్యం," అని స్వరూప
వేలితోని గచ్చుమీద మూడుమార్లు కొట్టింది.
ఆ మూడో దెబ్బకు
తొట్టిల నుంచి ఇంకో సప్పుడు,
ఏంచిన పల్లీ పండ్ల కింద పలిగినట్టు.

ఇద్దరం ఊపిరి బిగబట్టినం.
మల్ల ఒకటి.

గోడబల్లి అబద్ధమాడంగ
మా ఇంట్ల అదే మొదలు.

అంతల ఫోను. తార్నాకల లిఫ్టు ఆగింది,
లోపల స్కూలు పిలగాడు, వాళ్ల నానమ్మ.
వానల బండి తోలుకుంటవోయి
తాళంచెవి తిప్పి తలుపు జరిపిన.
స్టీలుమీద నా అయిదువేళ్లు తెల్లగ అచ్చుపడ్డయి.
"చేతికేంది అంకుల్?"
"బల్లికి బువ్వ పెడుతుంటి, బిడ్డా."
ముప్పావుగంట చీకట్ల ఏడ్చినోడు
ముక్కు తుడుసుకుంట నా మొఖం చూసిండు,
"నిజంగనా?" అన్నడు.
ఇక్కడ చెప్పేతందుకు గోడబల్లి లేదు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
స్వరూప నిద్రపోయింది.
తొట్టిల ఆకులన్నిటికి నీటిబొట్లు,
మనీప్లాంటు కొసకు వేలాడేదాన్ని
బల్లి మెల్లగ నాకుతున్నది,
అదే నాలుకతోని తర్వాత కన్ను తుడుసుకున్నది.
స్ప్రే సీసా దిండు పక్కన ఉన్నది.
ఆ నీళ్లు నేను కొట్టలే.