వెడల్పు తీసేశాక

ఆత్మకూరులో ఒక కంట్రాక్టరు కొడుకు
మూడు నెలలు ఎగరేసి ఎగరేసి
పాత ఇన్వర్టరుతో పాటు తూకానికేసిన రిమోటు బండి ఇది.
ఉబ్బిన టైర్లు, ఎడంగా చాపిన కాళ్లు,
అరుగంతా తనదేనన్నట్టు కూచున్న పెద్దమనిషి వాటం.
మీట నొక్కితే దుమ్ము కనపడేది, బండి కనపడేది కాదు.

ఉదయగిరి బస్టాండు వెనక, నా పంక్చర్ల తొట్టి పక్కన
దాన్ని వెల్లకిలా వేసి పొట్ట విప్పాను.
"దుర్గం ఎక్కిస్తా దీన్ని" అన్నాను.
పక్క వసారాలో గరిటె చెక్కుతున్న మెహబూబ్‌జాన్
తలెత్తకుండానే అనింది:
"ముందు కాళ్లు దగ్గరికి పెట్టుకోమను."

నిజమే.
కొండ మీద బాట జానెడే,
మిగతాదంతా బలుసు ముళ్లది.
మేక పోతుంది అందులో.

వింజమూరు బస్సులో ఇరుసులు ఒళ్లో పెట్టుకుని పోయాను
చెంచయ్య లేతుకి.
గొట్టం అటొక అంగుళం, ఇటొక అంగుళం.
"మళ్లీ అతికించమని రావు కదా" అన్నాడాయన
మిషను ఆన్ చేసి కూడా కోయకుండా నిలబడి.
ఇనుము నీలి చుట్టలుగా కాళ్ల దగ్గర రాలింది.
ఎడమ పక్క గోరంత ఎక్కువ పోయింది.
ఇద్దరం చూశాం. ఇద్దరం టీ తాగాం.

పన్నెండేళ్లుగా నా దగ్గరికొచ్చే వాళ్లంతా
"పికప్పు రావడంలేదన్నా" అన్నవాళ్లే.
నెమ్మది చేసి పెట్టమని ఒక్కరూ అడగలేదు.
అందుకేనేమో, ఆ ఉరుకుబోతు మోటారు ఊడదీసి
తీగ ఎక్కువ చుట్లు తిరిగిన మందకొడిది బిగిస్తుంటే
చెయ్యి ఒకసారి ఆగింది.

డిఫరెన్షియల్‌లో ఎంసీల్ కుక్కి ఆరబెట్టా:
ఇక ఎడమ చక్రం కుడిదాన్ని వదిలి తిరగదు.
మలుపులో మూలుగుతుంది. మూలగనీ.
ఒకటి గాల్లో లేచినప్పుడు
రెండోది రాతిని వదలకుంటే చాలు.

సన్నబడింది దొర్లుతుంది,
బరువు కిందికి దించాలి.
కారు చక్రాలకు కొట్టే సీసం బిళ్లలు
ఒక్కో రిమ్ములో ఆరు.
షాకుల్లోకి కుట్టుమిషను నూనె, మెహబూబ్‌జాన్ డబ్బాలోది,
అడక్కుండా తీసుకున్నది.

నిప్పుమంటల స్టిక్కర్లున్న పాత ప్లాస్టిక్కు టాపును
ఆమె కోడిపిల్లల మీద బోర్లించుకుంది.
నర్ది చెక్కలో కొత్తది తొలిచింది, నా అరచెయ్యంత సన్నం.
తలుపుల మీద, గరిటె కాడకు వేసే చేప పొలుసులే వేసింది.
"ఇంకేం రాదు నాకు" అనింది.

ఆదివారం తెల్లారేటప్పటికి కొండ కింద పదిమంది పిల్లకాయలు.
పందెం అనుకున్నారు.
బండి మొదటి రాయి ముందు ఆగింది, ముక్కు ఆనించింది,
నిండు చూలాలు మెట్టెక్కినట్టు
ఒక్కో పక్కా చూసుకుంటా ఎక్కింది.
"ఏందన్నా, బ్యాటరీ అయిపోయిందా?"
మూడో మలుపుకి పెంచల్ ఒక్కడే మిగిలాడు,
దోసిలి పట్టి దాని కిందే నడుస్తా,
పడితే పట్టుకుందామని.

రెండు బండల మధ్య సందు.
పాత బండికి లోకం అక్కడే అయిపోయేది.
ఇది ఎడమకు ఒరిగి, చెంచయ్య చేతి గోరంత ఒరిగి,
చెక్క రాతికి రాసుకుంటా, గీసుకుంటా,
మా ఊపిరి కూడా సన్నం చేసి
అవతలికి పోయింది.
పెంచల్ ఏమీ అనలేదు.
దోసిలి మాత్రం అట్నే పట్టుకుని ఉన్నాడు.

పావుగంటకే చచ్చే బ్యాటరీ
ఎండెక్కిందాకా నిలిచింది.
కోటగోడ కనపడింది. చేరలేదు.

చంకలో పెట్టుకుని దిగాను.
"ఎన్ని మెట్లు?"
"అరవై మూడు."
"ఎంతసేపు?"
"రెండు గంటలు."
మెహబూబ్‌జాన్ నవ్వలేదు.
చెరిగిపోయిన పొలుసుల మీద బొటనవేలు పోనిచ్చి,
పొడి ఊది, వెలుతురుకు పట్టి చూసి
"ఈ పక్క ఇంకో గోరంత తీయాలి" అని
ఉలి అందుకుంది.