ఆరు రంగులకే డబ్బులు

షువైఖ్‌లో మా అచ్చుకొట్టు.
ముందర ఏసీ, ముదీర్, ఖర్జూరాల పళ్లెం.
వెనకాల రంగుడబ్బాలు, రఫీకుల్ దగ్గు.
మధ్యన నేనూ, నల్ల తెరా.

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కి గడువు తీరి ఏడాదైంది.
ముదీర్ కట్టడు. నేనూ అడగడం మానేశాను.
ఊరికే దొరికే పనిముట్టొకటి ఉంది,
దానికి గుండీల్లేవు, బ్రష్షుల్లేవు, చెప్పింది వింటుంది, అంతే.
ఫలానా ఫైలు. రంగులు ఆరు. చుక్కలు చల్లొద్దు. కొత్త పేరు ఇది.
ఎంటర్.
తప్పు రాస్తే తిట్టదు,
తప్పెక్కడో ఒక వరుసలో చెప్పి ఊరుకుంటుంది.
ఈ కొట్టులో అట్లా చెప్పేది అదొక్కటే.

రంగుకో స్క్రీన్, స్క్రీన్‌కి రెండు దీనార్లు.
ఏడో రంగు అడిగినోళ్లకి ముదీర్
మాట్లాడకుండా కాలిక్యులేటర్ తిప్పి చూపిస్తాడు.

గురువారం దుమారంలో వచ్చాడు పెంచలయ్య,
మూతికి తువ్వాలు, చంకలో పదకొండు తెల్ల బనియన్లు,
ఫోన్లో ఫోటో, జేబులో పన్నెండు దీనార్లు.
సుండుపల్లి లెవెన్, జహ్రా.
గుండెల మీద జట్టంతా పడాలట.

ఎన్ని రంగులున్నాయని ముందు ఫైల్నే అడిగాను.
లక్షా పన్నెండు వేల మూడొందల ఆరు, అంది.
పెంచలయ్య నవ్వాడు.
"అన్ని యాడుండాయన్నా, అందరం నీలం గుడ్డలే గదా."

ఆరుకి దించాను.
ఆకాశానికొకటి. ఇసుకకి రెండు.
నీలం, నలుపు, తెలుపు.
పదకొండు మొహాలూ ముదురు ఇసుకలోకి దిగిపోయాయి.
పెంచలయ్య చేతిలో ఎర్ర టేపు చుట్టిన బంతి ఉండాలి,
అక్కడొక మట్టిపెళ్ల ఉంది.

యంత్రానిది తప్పు కాదు. అది తలలు లెక్కపెడుతుంది.
ఎవరి చుక్కలు ఎక్కువో వాళ్లకే చోటు.
బంతికి ఉన్నవి నలభై.

"బంతి యేదన్నా?"

చాలాసేపు తలెత్తలేదు నేను.
ఎత్తితే, ఎదురుగా ఉండే టైర్ల కొట్టు లేదు,
ఊరు మొత్తానికి ఇవ్వాళ ఒకటే రంగు, ఎవరూ టైపు చెయ్యకుండానే.
బల్ల మీద బనియన్లు.
అప్పుడు తట్టింది: తెల్ల బనియన్‌కి తెల్ల రంగెందుకు?
మూడేళ్లుగా తెలుపుకీ రెండు దీనార్లు తీసుకుంటున్నాం.

చిన్న గళ్లు ఆరు నేనే గీశాను.
ఆకాశం, ఇసుక ఒక్కటే, నీలం, నలుపు,
ఒక చామనచాయ, ఒక ఎరుపు.
వీటిని చూసి దాన్ని దించమన్నాను.
లక్షా పన్నెండు వేలూ లేచి
తమకి దగ్గర గడి ఏదో చూసుకుని కూర్చున్నాయి.
పదకొండు మందికీ ఒకటే చాయ.
కీపర్ పీరా తెల్లగా ఉంటాడట, ఆ సంగతి పోయింది.
గడ్డాలు నలుపులోకి పోయాయి, వాటి వెంట కొన్ని నవ్వులూ.

రఫీకుల్ ఎర్ర డబ్బా మూత తీశాడు.
ముదీర్ స్క్రీన్లు లెక్కపెట్టుకున్నాడు. ఆరు. సరిపోయింది.
తెలుపు సంగతి నేను చెప్పలేదు.
రేపు చెబుతానేమో.

తడి ఆరని బనియన్ని లైటుకేసి పట్టుకున్నాడు పెంచలయ్య.
"యెవురు యెవురో తెలిసేట్టు లేదు గానీ,
బంతి మాత్రం నాదే."