ఒక బెజ్జం కిందికి

టూరిజమోళ్ల వేలంల మా సంఘం కొన్నది పడవ.
పక్కకు నీలి గీత, ముందర చినిగిన సీటు,
వెనుక నలభై గుర్రాల మోటరు.
మానేరు డ్యాం చూడొచ్చినోళ్లను నలుగురిని ఎక్కించుకొని
సర్రున తిప్పి కట్ట కాడ దించిన పడవ.
ఇప్పుడు ఎక్కేది
తడి వలలు, నాలుగు ఐసు డబ్బాలు,
రెండు క్వింటాళ్ల బొచ్చె, రవ్వ,
నేను, లస్మక్క.

మొదటి రోజే ముక్కు పైకెత్తి మొరాయించింది.
పిడి మొత్తం తిప్పినా
నీళ్లను దున్నుడే గని నీళ్ల మీదికి ఎక్కుడు లేదు.
మీటరు ముల్లు నాలుగు వేల కాడ కూసున్నది, లెవ్వదు.
ఆరింటికి మార్కెట్ల ఉండాల్సిన చాప
ఏడున్నరకు చేరింది.
ఐసు కరిగింది. ధర అంతకంటె ముందే కరిగింది.

"మోటరు ముసల్దైంది" అన్నడు సంఘం పెద్ద ఓదెలు.
గౌస్ భాయి మాట్లాడలేదు.
ఇరవై ఏండ్లు బోరు మోటర్లు విప్పిన చెయ్యి
పంక రెక్క వంపు మీద మెల్లగ తిప్పిండు,
జ్వరం చూసినట్టు.

"ఇది పదిహేను.
ఒక్క చుట్టుకు పదిహేను ఇంచులు ముందుకు పోవాల్నని దీని ఆశ.
ఒట్టి పడవకు ఆ ఆశ సరే.
మూట నెత్తినున్నోడు అంగలు వెయ్యలేడు.
చిన్నడుగులు వెయ్యాలె,
బిరబిర వెయ్యాలె."

సంచిలకెళ్లి రెండు తీసిండు.
పదమూడుది స్టీలు, అద్దం లెక్క మెరుస్తున్నది.
పదకొండుది అల్యూమినియం, నల్ల రంగు, అక్కడక్కడ గీకుడు.
ఓదెలు చెయ్యి స్టీలు మీదికే పోయింది.
"ఎండకాలం నీళ్లు దిగినంక
మొద్దులు తేల్తయి గదా మీ దిక్కు?
స్టీలు విరగదు సేటూ,
విరగక లోపలి గేర్లను విరుగగొడ్తది.
విరిగేటిది బయట ఉండాలె."
ఓదెలు చెయ్యి వెనుకకొచ్చింది.

పదకొండు ఎక్కించినం. పడవ లేచింది.
లేచింది గని తోక బరువు.
స్టీరింగు గుంజి గుంజి నా భుజం దిగింది.
"మోటరు లోతుకున్నది," అన్నడు, "నీళ్లల్ల కాళ్లు ఈడుస్తున్నది."

నాలుగు బోల్టులు. పదిహేడు నంబరు పానా.
ఒక బెజ్జం పైకి.
ముల్లు కదిలింది.
ఇంకో బెజ్జం.
నీళ్లు తెల్లగ, పల్చగ వెనుకకు పరుస్తున్నయి.
నాకు ఆశ పుట్టింది.
ఇంకోటి, అన్న.
గౌస్ భాయి నా మొఖం చూసి
ఏం అనకుండ పానా నా చేతికే ఇచ్చిండు.

మూడో బెజ్జం.
అబ్బ, ఏం పోయిందో!
లస్మక్క కొంగు నోట్ల కరిచిపట్టుకున్నది,
ఐసు డబ్బా మూత ఎగిరి ఎటో పడ్డది.
తూము మలుపు కాడ తిప్పిన.

ఇంజను ఒక్కసారి కీసుమని ఒర్లింది.
మీటరు ముల్లు చివరికి పోయి గుద్దుకున్నది,
పడవేమో ఉన్నకాడనే ఉన్నది.
పంక నీళ్లు వదిలి గాలి మింగింది.
మోటరు పక్కనుంచి కారే ధార
గిలాసలకు పోసే చాయంత ఉండేది
దారమంత సన్నబడ్డది.
"బంద్ చెయ్, బంద్ చెయ్!
అది ఉచ్చ పోస్తున్నంత సేపే దాని పానం!"

నడి నీళ్లల్ల నిలబడ్డం.
చప్పుడు పోయినంక
పడవ అడుగును తట్టే అలలు వినబడ్డయి.
లస్మక్క మూత కోసం నీళ్ల దిక్కు చూస్తున్నది.
"ముప్పై రూపాలది," అన్నది.

ఒక బెజ్జం కిందికి దించిన.
నేనే దించిన, నా చేత్తోనే బిగించిన.
మలుపుల మళ్లా తిప్పితే
పంక నీళ్లను విడువలేదు,
ధార నా మోచేతి మీద పడ్డది, గోరువెచ్చగ.

తెల్లారి అయిదూ నలభైకి మార్కెట్ల ఉన్నం.
రవ్వలు ఇంక నోళ్లు తెరుస్తున్నయి.
లస్మక్క బేరమాడలేదు, బేరమే ఆమె కాడికొచ్చింది.

ఓదెలు ఖాళీ డబ్బాలు లెక్కబెట్టి
పడవ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
"ఇంకో రెండు డబ్బాలు పడ్తయా దీంట్ల?"

సంచి తెరిచి
పానా ఉన్నదా లేదా చూసుకున్న.