తొమ్మిదో ఆకు

ముందు ఎత్తి బోర్లించి చూడు.
అడుగున వేలిగోటితో గీసిన ఇంగ్లిష్ ఈ, పక్కన పన్నెండు.
ఈ అంటే ఎర్మెలిందా. పన్నెండంటే ఆ ఏడు.

శాన్‌ఫ్రాన్సిస్కో టెలిఫోన్ ఆఫీసులో నాలుగేళ్ళు
ఊరి గొంతులన్నీ ఒకదానికొకటి ముడివేసి
చివరికి తన గొంతులో రక్తం చూసుకుని
పొగమంచు కొండల్లోని శానటోరియానికి వచ్చింది.
నేనప్పటికే ఏడు నెలల పాతకాపుని,
లాండ్రీలో ఇస్త్రీపెట్టె మోసిన చేతులు నావి.

మాకు సారె తిప్పే అనుమతి లేదు.
మట్టి తొక్కడం, ఆవం పేర్చడం థోర్వాల్డ్ పని.
రబ్బరు బుడ్డిలోంచి పలచని మట్టి పిండుతూ
ఆరిన కుండ మీద చీమలబారంత గీత గీయడం మాది.
రోజుకి రెండు గంటలు.
గట్టిగా నవ్వకూడదు. సోమవారం తూకం.
బరువు పెరిగితే ఇంకో అరగంట.

గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
ఊపిరి కోసం వచ్చిన చోట
ఊపిరి ఆపడం నేర్చుకున్నాం.

ఎనిమిది ఆకులు ఒక్క బిగిని వేసింది.
తొమ్మిదోదాని తొడిమ దగ్గర దగ్గొచ్చింది.
అదిగో, అక్కడే. వేలు పెట్టి చూడు,
గీత ఉలిక్కిపడి పక్కకి పోయి
మళ్ళీ దారిలోకొచ్చింది.
కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు.
దగ్గుకి అంత కూడా అక్కర్లేదు.

చాకుతో గోకబోయింది.
థోర్వాల్డ్ చెయ్యి పట్టుకుని ఆపలేదు,
మమ్మల్ని ముట్టుకోవడం అతనికి భయం.
గుమ్మంలోంచే అన్నాడు:
ఉండనీ, నిప్పు ఏమంటుందో అడుగుదాం.

ఆవం చల్లారడానికి మూడు రోజులు.
తలుపు ఇటుకలు ఊడదీస్తే, పచ్చ.
వాన వెలిశాక రెడ్‌వుడ్ బెరడు మీది నాచు పచ్చ.
మెరవదు, వెలుగుని తాగేసి ఊరుకుంటుంది.
ఆ వంకర దగ్గర మాత్రం పూత జారి, చిక్కబడి,
నీలంగా నిలబడిపోయింది.
మాలో ఎవరమూ వెయ్యని రంగు.

ఊళ్ళో షాపుకి పంపారు, అయిదు డాలర్ల చీటీ కట్టి.
మేకతోలు చేతితొడుగులావిడ అడిగిందట:
చేసినవాళ్ళ జబ్బు దీనికి అంటుకుని ఉంటుందా?
గుమాస్తా ఆవం వేడి అంకెల్లో చెప్పాడట,
అందులో ఏదీ బతకదు మేడమ్, అని.
ఆవిడ చీటీ రెండోసారి చదివి, పెట్టేసి వెళ్ళింది.

గడ్డి చుట్టుకుని కూజా తిరిగొచ్చేసరికి
ఎర్మెలిందా మంచం కిటికీ పక్కనుంచి
చివరి గదికి మారింది.
అక్కణ్ణించి మార్చడానికి ఇంకో గది లేదు.

నేను బతికాను. ఎందుకో తెలీదు.
నూట పద్దెనిమిది పౌన్లు తూగాను, పంపించేశారు.
మిస్ హార్ట్‌విగ్ రిజిస్టర్లో "అమ్ముడుపోనిది" అని రాసి
న్యూస్‌పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

ఇందులో నీళ్ళు నిలవవు, ముందే చెబుతున్నా.
ఆ మట్టి అంతే, లోపల్నించి చెమరుస్తుంది,
పొద్దున్నకి బల్ల మీద తడివలయం.
అందుకే గుండీలు వేస్తాను, ట్రామ్ టికెట్లు,
అరిగిపోయిన కుట్టుతొడుగు.
నిద్రపట్టని రాత్రి మూతి దగ్గర నోరు పెట్టి
వాళ్ళమ్మ రొట్టెలకొట్టు నంబరు చెబుతాను.
ఎవరూ కలపరు.

తీసుకెళ్తే తీసుకెళ్ళు.
పొడిగుడ్డతోనే తుడువు.
తొమ్మిదో ఆకు దగ్గర మాత్రం
కాస్త నెమ్మదిగా.