ఆరో గది

ఆటోనగర్ మూడో క్రాసులో
మధ్యాహ్నం కరెంటు పోతే
లేతు మిషన్లన్నీ ఒకేసారి నోళ్ళు మూసుకుంటాయి.
ఆ నిశ్శబ్దంలోకే వచ్చాడాయన.
చంకలో గుడ్డ సంచి,
సంచిలో పాత పంచె చుట్ట,
చుట్టలో రివాల్వరు.

"నరసరావుపేట నుంచి బస్సులో వచ్చా.
పేరు సీతాపతిరావు. లైసెన్సుంది. నాన్నది."
అడక్కముందే అన్నీ చెప్పేశాడు,
జ్వరమొచ్చినవాడు డాక్టరుకి చెప్పుకున్నట్టు.

దీని తూటాలు ఇప్పుడెవరూ చెయ్యట్లేదట.
కొట్లో దొరికేది సన్నరకం.
"లావు కాలికి కుట్టిన చెప్పయ్యా ఇది,
సన్న కాలికి సరిపెట్టు.
లారీ పిన్నులకి బుష్‌లు వేసేది నువ్వేగా,
ఆరు చిన్న బుష్‌లు, అంతేగా!"

నా పేరు ఏసుపాదం.
ముప్పై రెండేళ్ళుగా ఇనుము తొలుస్తున్నాను.
తుపాకీ ముట్టుకోవడం అదే మొదలు.
"కాగితం లేకుండా చేస్తే
ఇద్దరం ఒకే పళ్ళెంలో జైలు కూడు తింటామండీ"
అన్నాను గానీ చెయ్యి ఆగలేదు.
చక్రం పక్కకి తోసి తిప్పాను.
టక్. టక్.
ఇన్నేళ్ళైనా వెంట్రుకంత ప్లే లేదు.
ఎవడు చేశాడో గానీ
వాడికి దణ్ణం పెట్టాలనిపించింది,
ఎందుకు చేశాడో గుర్తొచ్చేదాకా.

ఆరు గదులు,
అద్దెవాళ్ళు ఖాళీ చేసిన వరసిళ్ళు.

"ఒక్కసారీ పేల్చలేదు.
నాన్నకిది నడుముకి బరువు, ఊరికి బెదురు.
ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పగించడం,
లెక్కింపయ్యాక తెచ్చుకోవడం.
మా ఇంట్లోకంటే అక్కడే ఎక్కువ నిద్రపోయింది."

సెల్లు టార్చి వేశాను.
ఐదు గదులు గాజుగ్లాసు లోపలిలా నున్నగా.
ఆరోదానికి మాత్రం
అమ్మవారు పోసింది.

ఇనుముకి ఊరికే మచ్చలు రావు.
మందు కాలాలి.
కాలిన మసి కడగకుండానే
ఎవరో ఒణికే చేతుల్తో గుడ్డలో చుట్టి
పెట్టె అడుక్కి తోసెయ్యాలి.
ఓ వానాకాలం దాటాలి.

నేనేం అనలేదు.
"పాత తూటాలేవీ?" అన్నాను, కొలతకి.
నశ్యం డబ్బా బోర్లించాడు.
బల్ల మీద ఇత్తడి దొర్లింది.
ఐదు.
"ఆరోది నా చిన్నప్పుడు
పొలంలో ఎక్కడో జారిపోయిందంది అమ్మ..."

అక్కడ ఆగాడు.
నా టార్చి ఇంకా ఆ గదిలోనే ఉంది.
వంగి చూశాడు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

బుష్ వేస్తే మచ్చలు కనపడవు.
పాత గోడకి కొత్త గోడ.
వేసినవాడికీ వేయించుకున్నవాడికీ తప్ప
ఎవరికీ తెలీదు.
ఈ మాట పైకన్నానో లేదో
ఇప్పటికీ గుర్తులేదు.

చిటికెనవేలు లోపల పెట్టాడు,
పిల్లాడి చెవిలో గుబిలి చూస్తున్నట్టు.
తీసి వాసన చూశాడు.
"ఆ పొలం మాటెత్తితే
అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది"
అన్నాడు, నాతో కాదు.

కరెంటొచ్చింది.
వీధంతా ఒక్కసారిగా అరిచింది.
ఆయన పంచెలో మళ్ళీ చుట్టుకుని
తూటాలు ఏరి డబ్బాలో వేసుకుని
లెక్కపెట్టి,
ఒకటి తగ్గిందని
బల్ల కింద వంగి వెతికాడు.

నేనూ వంగాను,
అక్కడ ఇనుప రజను తప్ప
ఏమీ లేదని తెలిసీ.