హ్యాండ్‌బ్రేక్ రాయి

పొద్దున ఐదున్నరకు మెహదీపట్నం రైతుబజారు గేటు కాడ
జహంగీర్ చాచా అప్పటికే నిలబడి ఉన్నాడు,
చేతిలో ఉస్మానియా బిస్కట్ల పొట్లం,
ప్యాంటు మీద నుంచే కట్టుకున్న మోకాలి పట్టీ.
"ఏసీ ఉందా బేటీ?"
లేదు. ఎడమ అద్దం దించితే మళ్ళీ ఎక్కదు.
హ్యాండ్‌బ్రేక్ కూడా పేరుకే.
"అచ్ఛా, గాలికైతే ఢోకా లేదు" అని ఎక్కాడు.

ముప్పై రెండేళ్ళు నాన్న బండలు పరిచాడు,
చాచా వాటిని అరగదీసి నున్న చేశాడు.
బర్కత్‌పురాలో డాక్టరు గారి హాలు,
సైదాబాద్‌లో మూడు స్కూళ్ళు,
ఎర్రగడ్డ ఆస్పత్రిలో, ఎవరూ తల దించి చూడని, ఒక పొడుగు వరండా.
తాండూరు నుంచి లారీ వచ్చేది, దించుకునేవాళ్ళు.
ఆ బండ ఎక్కడ పుట్టిందో
ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.
నాన్నకిక కుదరదు.

లంగర్‌హౌజ్ దాటాక సిగ్నళ్ళు అయిపోయాయి.
మొయినాబాద్‌లో పెళ్ళి ఫంక్షన్‌హాళ్ళు ఇంకా లైట్లు ఆర్పలేదు.
చేవెళ్ళలో క్యారెట్లు కడుగుతున్నారు,
రోడ్డు మీద నారింజరంగు నీళ్ళు.
మన్నెగూడ, పరిగి,
ఆ తరువాత చెప్పుకోదగ్గదేమీ లేని నలభై కిలోమీటర్లు
చాచాకు మహా నచ్చాయి.
"ఏమీ లేకపోవడం ఇంత పెద్దగా ఉంటుందా?"
కంది చేను, నల్లరేగడి, ఒక కరెంటు స్తంభం,
దాని మీద కదలని పాలపిట్ట.
"ఆపు" అన్నాడు. ఆపాను.
పాలపిట్ట ఎగరలేదు. మేమే బయల్దేరాం.

రెండుసార్లు దారి తప్పాం.
గొర్రెలాయన్ని అడిగితే
"గుంత కాడికా? ఏ గుంత?
ఈడ మస్తున్నయ్ గుంతలు" అని
కర్రతో నాలుగు దిక్కులూ చూపించాడు.

గుంత.
జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు
నీలం, పసుపు, మళ్ళీ నీలం పొరలు,
అడుగున పచ్చటి నీళ్ళు, ఒక తెగిన చెప్పు.
ఇక్కడి నుంచి తీసుకెళ్ళిందంతా
మా ఊళ్ళో మంచాల కింద ఉంది,
పూజగదుల్లో, పోలీస్‌స్టేషన్లలో, బాత్రూముల గడపల్లో ఉంది.
ఎంత ఇల్లు ఉందో అంత గుంత ఉంది.

ఉలి పట్టుకున్న తుల్జమ్మ లేవకుండానే అడిగింది:
"ఎన్ని ఫీట్లు గావాలె?"
ఏం వద్దమ్మా, చూడనీకి వచ్చినం.
"ఈడ చూడనీకి ఏముంది?"
నవ్వి, ఇంకో దెబ్బ కొట్టింది.
బండ చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది.

చాచా మెల్లగా కూలబడ్డాడు.
అప్పుడే తెరుచుకున్న ఆ ముఖం మీద అరచెయ్యి పెట్టాడు.
సన్నటి అలలు.
ఒడ్డున నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో మిగిలేటటువంటివి.
"ఇక్కడ సముద్రం ఉండేనా?"
ఎప్పుడో ఉండేదంటారు చాచా, స్కూల్లో చెప్పారు.
ఆయన చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు,
పాలిష్ మిషన్ తిప్పినట్టే తిరిగింది.
కాస్త ఆగి, తనలో తను
"ఇదేనా, ఇన్నేళ్ళూ నేను గీకి పారేసింది" అన్నాడు.
నేను బిస్కట్ల పొట్లం విప్పాను.
తుల్జమ్మ మూడు తీసుకుంది.

తిరిగి వస్తుంటే గుంత ఎత్తు మీద కారు వెనక్కి జారింది.
చాచా దిగి, కుంటుతూ పరిగెత్తి,
తుల్జమ్మ పారేసిన ఒక పెచ్చు తెచ్చి
టైరు కింద పెట్టాడు. ఆగింది.
కాగ్నా వంతెన దగ్గర చాయ్‌కి ఆగినప్పుడూ అదే పెచ్చు,
పరిగి బంకులో అదే,
ప్రతిసారీ తీసి తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.
ఎక్కని అద్దంలోంచి ఎర్రదుమ్ము వచ్చి
ఇద్దరికీ ఒకే వయసు వచ్చింది.

రాత్రి తొమ్మిదికి వాళ్ళ గల్లీ వాలులో బండి ఆపాను.
చాచా వంగి రాయి పెట్టాడు.
అలలు పైకి కనబడేలా తిప్పి పెట్టాడు.
"ఉండనీ బేటీ, బండికి పనికొస్తది" అని
మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయాడు.
నేనింకా స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను.
గడప మీద, తనే నున్న చేసిన ఆ గడప మీద,
చాచా కాలు జర్రున జారబోయింది.
తలుపు పట్టుకుని
ఎవర్నో తిట్టాడు, ఉర్దూలో, ప్రేమగా.