అరపేజీ వకీలు

పలాస కోర్టు ప్రహరీకి ఆనించిన రేకు కింద
ఇరవై రెండేళ్లుగా టైపు కొడుతున్నాను.
పేజీకింత అని నా కూలి.
అందుకే చెప్తున్నాను, నిష్ఠూరం అనుకోకండి:
దుంగ దమయంతి లాంటి లాయరు ఇంకొకామె వొస్తే
మా పొయ్యిలో పిల్లి లేవదు.

మిగతా వకీళ్లు రాయిస్తే
సదరు మీద సదరు,
పైన పేర్కొనబడిన మీద పైన పేర్కొనబడిన,
ఒక గట్టు తగువుకి పన్నెండు పేజీలు.
ఈవిడ అరపేజీ.
'గట్టు వీళ్ల తాతది. రెండడుగులు జరిపేరు.
వెనక్కి జరిపించండి.'
మిగిలిన తెల్లకాయితం నన్ను చూసి నవ్వుతుంది.

అడిగేను ఒకసారి,
లా చదివినప్పుడు కాయితాలకి కరువొచ్చిందా అమ్మా అని.
"టైముకొచ్చింది" అంది.
తెల్లారగట్ల ప్యాసింజరులో విశాఖపట్నం,
రాత్రికి తిరుగు, మూడేళ్లు.
పూండి నుంచి నౌపడ ఉప్పుమడుల దాకా కాంట్రాక్టు చట్టం,
ఆముదాలవలసలో చోడి అంబలి,
విజయనగరం దాటితే జనం మీద పడతారు,
ఒంటికాలి మీద సాక్ష్యాధారాలు.
"నాకర్థమైందో లేదో తెలియాలి కదా,
పక్కన చేపలబుట్ట పెట్టుకున్నామెకి చెప్పేదాన్ని.
ఆవిడ తలూపితే ఆ సెక్షను వొచ్చినట్టు.
ఆవలిస్తే
మళ్లీ మొదటికి."

నల్లకోటు గుడ్డకి డబ్బులు
వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టి తెచ్చింది.
కోటు మాత్రం వదులుగా కుట్టించేరట,
ఇంకా ఎదుగుతుందేమో అని.

మొన్న వైశాఖంలో రట్టి ఊర్వశమ్మ వొచ్చింది.
పంతొమ్మిదేళ్లు పిక్కలు కొట్టించుకుని
రేపట్నుంచి రావొద్దన్నారట, చేతిలో పైసా పెట్టకుండా.
దమయంతి గారు బెంచీ మీద ఆవిడ పక్కనే కూచుంది.
"వాళ్ల పుస్తకంలో నీ పేరు లేదు.
గెలుస్తామని నేను చెప్పను.
రెండేళ్లు తిరగాలి, బస్సు ఛార్జీలు నీవే.
నా ఫీజు వొస్తే ఇయ్యి, రాకపోతే అడగను.
ఒక్క అబద్ధం ఆడితే మాత్రం సగంలో దిగిపోతాను."
నాకు గుండె గుభేలుమంది,
కక్షిదారు లేచి పోతుందని.
ఊర్వశమ్మ కొంగుతో మొహం తుడుచుకుని
"ఒక వకీలు మాట నాకు బోదపడ్డాది,
ఇదే మొదులు" అంది.

వకాల్తా మీద వేలు నొక్కించడం నా పనే.
మూడుసార్లు నొక్కించేను.
ఊదారంగు మరకే పడింది,
గీత లేదు.
జీడినూనె తినేసిందట.
ఇంకో కాయితం తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది లాయరమ్మ.
మరకని చాలాసేపు చూసింది.
వాళ్లమ్మ వేళ్లు గుర్తొచ్చేయో ఏమో, నేనడగలేదు.
"ఇదే ఉంచండి" అంది. "హాజరుపట్టీ ఇదే."

శ్రీకాకుళం లేబరాఫీసులో
అటువైపు వకీలు అరగంట మాట్లాడేడట.
ఈవిడ లేచి,
"అయ్యా, ఒకసారి ఆమె చేతులు చూడండి"
అని కూచుందట.
ఆఫీసరు కళ్లజోడు వెతుక్కున్నాడట.
ఇంకా తేలలేదు. వచ్చే నెల వాయిదా.

నా సంగతంటారా?
నిన్న పెద్దవకీలు గారి పన్నెండు పేజీల్లో
ఒక సదరు కావాలనే జారవిడిచేను.
అర్థం ఎక్కడా చెడలేదు.
ఇంకొకటి తీసేను.
సాయంత్రానికి పదకొండు పేజీలయ్యేయి,
కూలి తగ్గింది,
ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.